లిమిట్స్ దగ్గరే ఆగిపోయే లెక్క

ఇంజనీరింగ్ మొదటి ఏడాది మ్యాథ్స్ పేపర్లో డబుల్ ఇంటిగ్రల్ తప్పిన జవాబులు వరసపెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఇంటిగ్రేషన్ రాక తప్పినవి తక్కువ. లిమిట్స్ (ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఇంటిగ్రేట్ చేయాలో చెప్పే హద్దులు) తప్పుగా వేసుకుని, ఆ తప్పు లిమిట్స్ మధ్యే ఇంటిగ్రేషన్ మాత్రం తు.చ. తప్పకుండా చేసినవి ఎక్కువ. అంటే రెండు పేజీల శ్రమ అంతా మొదటి లైన్లోనే వృథా అయిపోయింది.

ఇందుకు కారణం ఇంటర్లోనే ఉంది. చాలా ఏళ్లుగా మన ఎంపీసీ పిల్లలు చదివిన 2బి పుస్తకంలో ఇంటిగ్రేషన్‌కు పెద్ద పీట. సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్ చేతి రాతలో కలిసిపోయేదాకా చేయిస్తారు. త్రీడీ మాత్రం 1బిలో నిరూపకాలు, గీత దిక్కును చెప్పే డీసీలు, డీఆర్‌లు, సమతలం దగ్గర ముగిసిపోతుంది. గోళాన్ని, శంకువును, పారబొలాయిడ్‌ను కాగితం మీద గీయాల్సిన అవసరమే రాదు. పైగా ఎంసెట్ తరహా పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి. అక్కడ బొమ్మ గీయడమంటే టైమ్ పోగొట్టుకోవడమే. ఆ అలవాటుతో వచ్చిన విద్యార్థి చేతిలో ఒకటికి మించి చలరాశులున్న మల్టీవేరియబుల్ కాల్క్యులస్ పెడితే, బొమ్మతో మొదలవ్వాల్సిన లెక్కను ఫార్ములాతో మొదలుపెడతాడు.

సిలబస్ కూడా ఊపిరాడనివ్వదు. జేఎన్‌టీయూ తరహా పథకంలో పాక్షిక అవకలనం, డబుల్–ట్రిపుల్ ఇంటిగ్రల్స్, వెక్టర్ కాల్క్యులస్ రెండు సెమిస్టర్ల మధ్య చీలిపోయి, అదీ డిఫరెన్షియల్ ఈక్వేషన్ల లాంటి వాటి పక్కన సర్దుకుని వస్తాయి. అమెరికాలో చదివే తెలుగు పిల్లలు కాల్క్ 3 అని పిలిచేది దాదాపు ఇదే సరుకు. అక్కడ దానికి ఒక సెమిస్టర్ కోర్సు విడిగా ఉంటుంది.

పాత ప్రశ్నపత్రాలు తిరగేసినవాళ్లకు బాగా పరిచయమైన లెక్క ఒకటుంది. ఎక్స్ 0 నుంచి 1 వరకు, వై ఎక్స్² నుంచి 2 − ఎక్స్ వరకు, లోపల ఎక్స్·వై. ఆర్డర్ (ముందు ఏ చలరాశితో ఇంటిగ్రేట్ చేయాలన్నది) మార్చి విలువ కనుక్కోండి. జవాబు 3/8. చాలామందికి ఈ జవాబు ముందే తెలుసు, మధ్యలో రాయాల్సిన లైన్లూ తెలుసు. ఎందుకు అలా రాస్తున్నారో మాత్రం తెలియదు.

అసలు జరిగేది ఇది. కింద పారబొలా, పైన వాలు గీత, ఎడమ పక్కన వై అక్షం గోడలా నిలబడి ఉంటుంది. పారబొలా, గీత (1, 1) దగ్గర కలుస్తాయి. ఇచ్చిన ఆర్డర్‌లో స్ట్రిప్ (ప్రాంతంలోంచి కోసిన సన్నని పట్టీ) నిలువుగా ఉంటుంది: పారబొలా మీద మొదలై గీత మీద ముగుస్తుంది. ఎక్కడ నిలబెట్టినా ఇదే కథ కాబట్టి ఒక్క ఇంటిగ్రల్ సరిపోతుంది. ఆర్డర్ మార్చడమంటే స్ట్రిప్‌ను అడ్డంగా పడుకోబెట్టడం. ఇప్పుడు ఎడమ కొస ఎప్పుడూ గోడ మీదే ఉంటుంది. కుడి కొస మాత్రం వై 1 కంటే తక్కువ ఉన్నంతసేపు పారబొలాను తాకుతుంది, 1 దాటాక వాలు గీతను తాకుతుంది. కుడి కొస తాకే గీత మారిన చోటే ప్రాంతాన్ని రెండుగా కోయాలి. కింది ముక్కలో వై 0 నుంచి 1, ఎక్స్ 0 నుంచి √వై. దాని విలువ 1/6. పై ముక్కలో వై 1 నుంచి 2, ఎక్స్ 0 నుంచి 2 − వై. దాని విలువ 5/24. కలిపితే 3/8.

ఇదే లెక్కలో 2 బదులు 6 పెట్టి, ఎక్స్‌ను 0 నుంచి 2 వరకు తీసుకోమంటే గుట్టు బయటపడుతుంది. పారబొలా, గీత కలిసే చోటు ఇప్పుడు (2, 4). కోయాల్సింది వై = 4 దగ్గర. బట్టీపట్టినవాళ్లు మాత్రం అలవాటు కొద్దీ 1 దగ్గరే కోస్తారు. కోత సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి అర నిమిషం పని చాలు: లోపలి ప్రమేయం తీసేసి 1 పెట్టి, రెండు ఆర్డర్లలోనూ వైశాల్యం కట్టాలి. నిలువు స్ట్రిప్‌తో 22/3 వస్తుంది. అడ్డం స్ట్రిప్‌తో కింది ముక్క 16/3, పై ముక్క 2, కలిపితే మళ్లీ 22/3. రెండూ కలవకపోతే అసలు లెక్కలోకి దిగనే కూడదు.

ఆర్డర్ మార్చడం ఎందుకో చెప్పడానికి మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఎక్స్·వైని ఏ ఆర్డర్‌లోనైనా చేయొచ్చు, పైగా మార్చాక పని పెరిగింది. విద్యార్థికి ఇదంతా మార్కుల కోసం పెట్టిన తంతులా అనిపిస్తే తప్పు అతనిది కాదు. అవసరం కనిపించాలంటే ముందు సైన్ వై బై వై, అంటే (sin y)/y లాంటిది ఇవ్వాలి: ఎక్స్ 0 నుంచి పై (π) వరకు, వై ఎక్స్ నుంచి పై (π) వరకు. వైతో మొదలుపెడితే ఇంటర్లో నేర్చుకున్న ఏ పద్ధతీ పారదు. సైన్ వై బై వైకి మామూలు ప్రమేయాల్లో రాయగల ఇంటిగ్రల్ లేదు. అడ్డం స్ట్రిప్ వేస్తే ఎక్స్ 0 నుంచి వై వరకు పోతుంది, లోపలి ఇంటిగ్రల్ ఒక వైని తెచ్చి కింద ఉన్న వైని కొట్టేస్తుంది, మిగిలేది ఒట్టి సైన్ వై. జవాబు 2. రెండు లైన్లు.

ఇక్కడ అందరూ చేసే తప్పు, గీత గీయకుండా లిమిట్స్‌నే అటూ ఇటూ మార్చేయడం: బయట ఉన్నవి లోపలికి, లోపల ఉన్నవి బయటికి. అప్పుడు బయటి ఇంటిగ్రల్‌కు కింది లిమిట్‌గా ఎక్స్ వచ్చి కూర్చుంటుంది, చివరి జవాబులోనూ ఎక్స్ మిగిలిపోతుంది. బయటి లిమిట్స్‌లో అంకెలే ఉండాలి. అక్కడ అక్షరం కనిపించిందంటే పెన్ను కింద పెట్టి వెనక్కి వెళ్లాల్సిందే.

ట్రిపుల్ ఇంటిగ్రల్ దగ్గర ఇదే చిక్కు ఒక మెట్టు పైకెక్కుతుంది. ఎక్స్ + వై + జెడ్ = 1 అనే సమతలం, మూడు నిరూపక తలాలు కలిసి కట్టిన చతుర్ముఖిని తీసుకుందాం. బోర్డు మీద కంటే క్లాస్‌రూమ్ మూలలో ఇది బాగా కనిపిస్తుంది. రెండు గోడలు, నేల కలిసే చోటు మూలబిందువు. అక్కడ ఒక అట్టముక్కను వాల్చి ఆనిస్తే సమతలం తయారు. ముందు జెడ్: నేల నుంచి అట్ట దాకా, అంటే 0 నుంచి 1 − ఎక్స్ − వై. ఆ తర్వాత జెడ్‌ను మరిచిపోయి నేల మీద పడే నీడను మాత్రమే చూడాలి. ఆ నీడ ఒక త్రిభుజం కాబట్టి వై 0 నుంచి 1 − ఎక్స్, ఎక్స్ 0 నుంచి 1. ఘనపరిమాణం 1/6. నీడ అన్న మాట పట్టుబడితే ట్రిపుల్ ఇంటిగ్రల్లో కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు. మిగిలింది డబుల్ ఇంటిగ్రలే.

నీడను చూడని విద్యార్థి వైకి కూడా 0 నుంచి 1 అని రాస్తాడు. అప్పుడు ఘనపరిమాణం సరిగ్గా సున్నా వస్తుంది. నీడ త్రిభుజం కాక చతురస్రమైంది, అందులో సగం చోట అట్ట నేలకంటే కిందికి దిగిపోయింది, ఆ రుణ భాగం ధన భాగాన్ని మింగేసింది. ఇంత చక్కగా తనను తాను పట్టించే తప్పు అరుదు. దాన్ని బోర్డు మీద కావాలనే చేసి చూపించినా నష్టం లేదు.

ఎక్స్, వైల బదులు కేంద్రం నుంచి దూరం ఆర్, కోణం తీటా వాడే పోలార్‌లోకి మార్చినప్పుడు లోపల రాయాల్సిన ఆర్ మరిచిపోవడం మరో పాత జబ్బు. వ్యాసార్ధం 3 ఉన్న వృత్తం వైశాల్యం 9పై. ఆర్ రాయకపోతే 6పై వస్తుంది, అది ఆ వృత్తం చుట్టుకొలత. వైశాల్యం అడిగితే పొడవు చెప్పినట్టు. ఆ ఆర్ ఎందుకొచ్చిందో బండి చక్రాన్ని చూస్తే తెలుస్తుంది. ఆకుల మధ్య కోణం అంతటా ఒకటే, కానీ సందు మాత్రం కుండ దగ్గర ఇరుకు, అంచు దగ్గర వెడల్పు. కేంద్రం నుంచి ఆర్ దూరంలో ఉన్న చిన్న గడికి ఒక భుజం డీఆర్ అయితే రెండో భుజం ఆర్·డీతీటా. జాకోబియన్ అనే డిటర్మినెంట్ చెప్పేదీ ఇదే. దాన్ని ముందు డిటర్మినెంట్‌గా పరిచయం చేస్తే ఈ గడి కనబడకుండా పోతుంది.

గోళ నిరూపకాల్లో గొడవ పేర్లతో వస్తుంది. జెడ్ అక్షం నుంచి కొలిచే కోణాన్ని మన ఇంజనీరింగ్, ఫిజిక్స్ పుస్తకాలు సాధారణంగా తీటా అంటాయి. అమెరికన్ కాల్క్యులస్ పుస్తకాల్లో చాలావాటికి అది ఫై. రాత్రి యూట్యూబ్‌లో ఒకటి చూసి పొద్దున క్లాస్‌లో ఇంకొకటి రాసుకునే విద్యార్థికి ఆర్² పక్కన ఏ కోణం సైన్ పెట్టాలో తెలియదు. గుర్తు ఒక్కటే: సైన్ ఎప్పుడూ జెడ్ అక్షం నుంచి కొలిచే కోణానిది, ఆ కోణం 0 నుంచి పై వరకే పోతుంది. 0 నుంచి 2పై వరకు పోయే కోణానికి సైన్ తగిలిస్తే గోళం ఘనపరిమాణం సున్నా అయి కూర్చుంటుంది.

మిగతా చలరాశులను కదలనీయకుండా ఒక్కదాన్నే మార్చి, మార్పు రేటు కనుక్కునే పాక్షిక అవకలనంలో చిక్కు ఇంకో రకం. ఎక్స్ = ఆర్ కాస్ తీటా అయినప్పుడు ∂ఎక్స్/∂ఆర్ విలువ కాస్ తీటా. మరి ∂ఆర్/∂ఎక్స్? ఒక చలరాశితో రెండేళ్లు పనిచేసిన చేయి వెంటనే 1/కాస్ తీటా అని రాస్తుంది. సరైన జవాబు మళ్లీ కాస్ తీటాయే: ఆర్² = ఎక్స్² + వై² నుంచి ∂ఆర్/∂ఎక్స్ = ఎక్స్/ఆర్. మొదటిదాంట్లో తీటా కదలకుండా ఉంది, రెండోదాంట్లో వై కదలకుండా ఉంది. రెండూ వేర్వేరు ప్రయాణాలు, ఒకదాన్ని తిరగేస్తే ఇంకొకటి రాదు. తిరగేస్తే నిజంగా వచ్చేది జాకోబియనే: ఇటు ఆర్, అటు 1/ఆర్.

ఈ తేడా థర్మోడైనమిక్స్ చదివేవాళ్లకు వెంటనే అవసరపడుతుంది. ఒక మోల్ ఆదర్శ వాయువుకు పీవీ = ఆర్‌టీ (పీ పీడనం, వీ ఘనపరిమాణం, టీ ఉష్ణోగ్రత, ఇక్కడి ఆర్ ఒక స్థిరాంకం). టీ స్థిరంగా ∂పీ/∂వీ, పీ స్థిరంగా ∂వీ/∂టీ, వీ స్థిరంగా ∂టీ/∂పీ, ఈ మూడింటినీ గుణిస్తే మామూలు భిన్నాల్లా పైదీ కిందిదీ కొట్టేసి 1 అనాలనిపిస్తుంది. లెక్క కడితే −1 వస్తుంది. ఏది కదలడం లేదో ప్రతిసారీ పక్కన రాసుకునే ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్ల అలవాటును మ్యాథ్స్ క్లాస్ అరువు తెచ్చుకుంటే బాగుంటుంది.

లిమిట్ అన్న మాట మన క్లాసుల్లో రెండు పనులు చేస్తుంది, ఇంటిగ్రల్ హద్దులకూ అదే, అవధికీ అదే. ఆ రెండో లిమిట్ గురించి గైడ్లలో ఒక ప్రమాదకరమైన పద్ధతి తిరుగుతోంది. ముందు ఎక్స్‌ను సున్నాకు పంపి తర్వాత వైని పంపు; ఆర్డర్ మార్చి చూడు; తర్వాత వై = ఎమ్·ఎక్స్ దారిలో చూడు; అన్నీ ఒకటే వస్తే లిమిట్ ఉన్నట్టు. ఇది తప్పు. ఎక్స్²·వై / (ఎక్స్⁴ + వై²) తీసుకుంటే మూలబిందువుకు ఏ సరళరేఖ మీద వెళ్లినా 0 వస్తుంది. వై = ఎక్స్² అనే పారబొలా మీద వెళ్తే ప్రతిచోటా 1/2. దారులు పరీక్షించడం వల్ల లిమిట్ లేదని నిరూపించొచ్చు, ఉందని ఎన్నటికీ నిరూపించలేం. ఉందని చూపాలంటే అన్ని దారులనూ ఒకేసారి కట్టడి చేసే హద్దు కావాలి. ఎక్స్³ / (ఎక్స్² + వై²) పోలార్‌లో ఆర్·కాస్³ తీటా అవుతుంది. తీటా ఏదైనా దాని పరిమాణం ఆర్‌ను దాటదు, ఆర్ సున్నాకు పోతోంది కాబట్టి ఇదీ పోతుంది. ఇక్కడ 'తీటా ఏదైనా' అన్నదే అసలు షరతు. దాన్ని వదిలేసి ఒక్కో తీటాకు విడివిడిగా చూస్తే ఇందాకటి పారబొలా ఉదాహరణ పోలార్‌లోనూ మోసం చేస్తుంది.

ఎత్తు అన్నిటికన్నా వేగంగా పెరిగే దిక్కును చూపే గ్రేడియంట్‌కు మంచి బొమ్మ సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, అంటే ఎత్తుపల్లాల మ్యాపు. 1:50,000 స్కేలు మ్యాపుల్లో కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి) మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. గీతలు దగ్గరగా ఉన్నచోట కొండ నిటారు. గ్రేడియంట్ ఆ మ్యాపు మీద, కాంటూర్‌కు లంబంగా గీసే బాణం. కొండ ఒంటి మీద ఎక్కుతూ పోయే బాణం కాదు. ఎత్తు 100 − ఎక్స్² − 2వై² అనుకుంటే (2, 1) దగ్గర గ్రేడియంట్ (−4, −4). రెండే అంశాలు, మూడోది లేదు. దాని పరిమాణం √32, సుమారు 5.66. అంటే అక్కడ ఏ దిక్కుకు తిరిగినా వాలు 5.66ను మించదు.

ఒక దిక్కులో నడిస్తే ఎదురయ్యే వాలు, అంటే డైరెక్షనల్ డెరివేటివ్‌లో మార్కులు పోయేది ఇక్కడే. (3, 4) దిక్కులో అడిగితే చాలామంది నేరుగా డాట్ ప్రొడక్ట్ చేసి −28 అంటారు. గరిష్ఠం 5.66 ఉన్న చోట 28 ఎలా సాధ్యం? దిక్కు వెక్టర్‌ను దాని పొడవు 5తో భాగించి యూనిట్ వెక్టర్ చేయాలి, జవాబు −5.6. గ్రేడియంట్ పొడవుతో పోల్చి చూసే అలవాటుంటే ఈ తప్పు దానంతటదే దొరుకుతుంది.

గరిష్ఠ–కనిష్ఠాల గురించి ఒక్క మాట చాలు. ఆర్‌టీ − ఎస్² (ఇక్కడ ఆర్, టీ అంటే ఎక్స్, వైలతో రెండేసిసార్లు, ఎస్ అంటే చెరొకసారి చేసిన పాక్షిక అవకలనాలు) సున్నా అయితే 'పరీక్ష ఏమీ చెప్పలేదు' అని రాసి వదిలేయడం లెక్క పూర్తి చేయడం కాదు. ఎక్స్⁴ + వై⁴, ఎక్స్⁴ − వై⁴ రెండింటికీ మూలబిందువు దగ్గర అది సున్నాయే. మొదటిదానికి అక్కడ కనిష్ఠం ఉందనీ, రెండోదానికి జీను ఆకారం ఉందనీ కంటితో చెప్పొచ్చు.

వెక్టర్ కాల్క్యులస్‌కు వచ్చేసరికి సిద్ధాంతాలు పేర్లుగా మిగిలిపోతాయి. స్టోక్స్ సిద్ధాంతం (ఉపరితలం మీది సుడి మొత్తం, దాని అంచు చుట్టూ తిరిగితే వచ్చే మొత్తానికి సమానం) మొదట అచ్చయిందే పరీక్ష ప్రశ్నగా, 1854లో కేంబ్రిడ్జ్ స్మిత్స్ ప్రైజ్ పేపర్లో. ఆ పరీక్ష రాసినవాళ్లలో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఒకడు. అక్కడ దాన్ని నిరూపించమన్నారు. మన పేపర్లలో ఇలాంటి సిద్ధాంతాలను 'వెరిఫై' చేయమంటారు. మూసిన ఉపరితలంలోంచి బయటికి పోయేదీ, లోపల ఊరేదీ (డైవర్జెన్స్) సమానమనే గాస్ సిద్ధాంతమైతే: ఘనానికి ఆరు ముఖాల మీదా ఇంటిగ్రల్స్ కట్టు, డైవర్జెన్స్ ఇంటిగ్రల్ కట్టు, రెండూ సమానమని రాయి. కూడికలు, తీసివేతలు బాగానే అలవాటవుతాయి. సిద్ధాంతాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అన్నది మాత్రం తెలియదు.

అర్ధగోళం దగ్గర అది బయటపడుతుంది. నిట్టనిలువుగా కురిసే వాన, తెరిచిపట్టిన అర్ధగోళం గొడుగు, వ్యాసార్ధం అర మీటరు. వాన వెక్టర్ అంతటా ఒకటే కాబట్టి డైవర్జెన్స్ 0. గాస్ సిద్ధాంతం గుర్తొచ్చిన విద్యార్థి గొడుగు మీద పడే నీళ్లు సున్నా అంటాడు. గొడుగు కింద తెరిచి ఉంది, గాస్‌కు మూసిన ఉపరితలం కావాలి. అడుగున వృత్తాకార మూత ఉందనుకుంటే మొత్తం సున్నా అవుతుంది: పైనుంచి లోపలికి వచ్చినంతా మూతలోంచి బయటికి పోతుంది. కాబట్టి గొడుగు మీద పడేది మూత మీద పడేదానికి సమానం, అంటే దాని నీడ మీద పడేదానికి. నీడ వైశాల్యం సుమారు 0.785 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వానకు దాదాపు 7.85 లీటర్లు. గుడ్డ వైశాల్యంతో గుణిస్తే రెండింతలు వస్తుంది, అదీ తప్పే. ట్రిపుల్ ఇంటిగ్రల్లో చూసిన నీడే ఇక్కడ మళ్లీ పనికొచ్చింది.

పేపర్లు ఎక్కువగా ఇచ్చే (ఎక్స్, వై, జెడ్) వెక్టర్ ఈ తప్పును బయటపడనివ్వదు. అడుగు మూత మీద జెడ్ సున్నా, కాబట్టి అక్కడి ఫ్లక్స్ (దాన్ని దాటి పోయేది) సున్నా. మూతను మరిచినవాడికీ, గుర్తుంచుకున్నవాడికీ ఒకే జవాబు, ఒకే మార్కులు. ప్రశ్న తయారుచేసేవాళ్లు ఆ వెక్టర్‌కు కొన్నాళ్లు సెలవిస్తే మంచిది. గ్రీన్ సిద్ధాంతానికీ (స్టోక్స్ సిద్ధాంతానికి సమతలం మీది రూపం) ఇలాంటి పరీక్ష ఒకటుంది: (−వై, ఎక్స్)ను ఎక్స్² + వై²తో భాగించిన వెక్టర్. మూలబిందువు తప్ప అంతటా దాని కర్ల్ (ఆ చోట ఎంత సుడి ఉందో చెప్పేది) సున్నా, అయినా మూలబిందువు చుట్టూ వృత్తం మీద ఒక రౌండు తిరిగితే 2పై వస్తుంది. మధ్యలో ఒక్క చుక్క దగ్గర వెక్టర్ లేకపోవడంతో సిద్ధాంతం షరతు తప్పింది.

బొమ్మలు గీసి చూపే జియోజెబ్రా త్రీడీ యాప్ ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉచితంగా తెరుచుకుంటుంది. తిప్పి చూడ్డానికి అది మంచిదే కానీ, చేత్తో వంకరటింకరగానైనా ఒకసారి గీశాకే దాన్ని తెరవాలి. స్క్రీన్ మీద తిరిగే పారబొలాయిడ్‌ను చూసిన తృప్తిలో, అది సమతలాన్ని ఏ గీత మీద కోస్తోందన్న ప్రశ్న మరుగున పడుతుంది. లిమిట్స్ ఆ గీతలోంచే రావాలి.

మిడ్ పరీక్షలో ఒక ప్రశ్ననైనా ఇలా పెట్టొచ్చు: ఇంటిగ్రేట్ చేయొద్దు, లిమిట్స్ మాత్రమే రాయండి. ఎక్స్² + వై² = 4 అనే స్తూపం లోపల, జెడ్ = 0 పైన, జెడ్ = 6 − ఎక్స్ కింద ఉన్న ఘనం. సరైన జవాబు ఒక్క లైను: జెడ్ 0 నుంచి 6 − ఆర్ కాస్ తీటా, ఆర్ 0 నుంచి 2, తీటా 0 నుంచి 2పై, లోపల ఒక ఆర్. దిద్దడానికి ఒక్క నిమిషం చాలదా? ఆ లైన్లో విద్యార్థి తీసుకున్న నాలుగు నిర్ణయాలు విడివిడిగా కనిపిస్తాయి, ఏది తప్పితే దానికే మార్కు పోతుంది. కొసరుగా ఘనపరిమాణం కూడా అడగొచ్చు, ఇంటిగ్రేషన్ లేకుండానే. నీడ వైశాల్యం 4పై, సగటు ఎత్తు 6, కాబట్టి 24పై. ఎక్స్ ఏమైందంటే, వాలుగా ఉన్న పై కప్పు కుడివైపు ఎంత దిగిందో ఎడమవైపు అంతే లేచింది.